రెండుసార్లు కాలిన ఐరేని కుండలు

మా అత్తకు కనుబొమ్మలు ఉండేవి కావు. పెళ్లిపీటల మీద తల కొంచెం ఎత్తి చూస్తే నాకు మొదట కనిపించింది అదే. ఏదో జబ్బు చేసి రాలిపోయాయేమో అనుకుని భయపడ్డాను. జబ్బేమీ కాదు. కుండలు కాల్చే ఆము ముందు ఇరవై ఏళ్లు కూర్చుంటే మంట మొహానికి కొట్టీ కొట్టీ అవి మాడిపోయాయి. కాస్త మొలిచేలోపే మళ్లీ ఆము పెట్టే రోజు వచ్చేది. ఆ సంగతి నాకు కాపురానికి వచ్చాక గానీ తెలియలేదు. మా పుట్టింట్లో ఎవరి కనుబొమ్మలూ కాలలేదు. అక్కడ కుండలను కట్టెలతో కాల్చేవాళ్లు కాదు.

మా పుట్టిల్లు గద్వాల దగ్గర. అటు తుంగభద్ర, ఇటు కృష్ణ. నడుమ అంతా చేలే. అడవి అన్నది మేము చూసింది లేదు. వంట పొయ్యిలోకి పత్తికట్టె, కందికట్టె. అది కూడా అమ్మ గుప్పెడు గుప్పెడు లెక్కపెట్టి ఇచ్చేది. ఆములోకి పిడకలు. ఎండాకాలమంతా నేనూ అమ్మా తట్టలు పట్టుకుని పశువుల వెంట తిరిగేవాళ్లం. బడికి నేను పోయింది ఒక ఏడూ కొన్ని నెలలూ. ఇసుకలో వేలితో రాసి గుణింతాలు దాటాను. అంతలో తమ్ముడు పుట్టాడు, నా బడి అయిపోయింది. ఏడవలేదు. బడిలో కూర్చుంటే కాళ్లు తిమ్మిరెక్కేవి, ఇంట్లో అయితే మట్టి తొక్కవచ్చు.

మట్టి తొక్కడమే నా మొదటి పాఠం. చెరువు నుంచి తెచ్చిన మట్టిని ఎండబెట్టి, నలగ్గొట్టి, నీళ్లు చల్లి, బూడిద కలిపి, నాన్న వాకిట్లో గుండ్రంగా పరిచేవాడు. అంచు నుంచి మొదలుపెట్టి తిరుగుతూ తిరుగుతూ నడిమికి రావాలి. కాలి కింద చిన్న రాయి తగిలినా వంగి తీసి పక్కన పెట్టాలి. రాయి ఉన్న కుండ ఆములో పగిలిపోతుంది, పక్కవాటిని కూడా పగలగొడుతుంది. సాయంత్రం నాన్న ఆ రాళ్లను అరచేతిలో పోసుకుని చూసేవాడు. ఎక్కువ ఉంటే, “నా బిడ్డ కాళ్లకు కండ్లున్నయి” అనేవాడు.

ఆ మాట కోసం ఒకరోజు నేను వీధిలో ఇంకో పిడికెడు రాళ్లు ఏరుకొచ్చి కలిపాను. నాన్న చూశాడు. ఒక్కొక్కటే వేరు చేశాడు.

“గివి మట్టిలయి. గివి బాటమీదివి. బాటమీద బండ్లు పోతయి గద, రాయి నునుపెక్కుతది. మట్టిల రాయికి మొనలుంటయి. ఏం బిడ్డా, మన మట్టి బండ్ల బాటల దొరికిందా?”

నేను తల దించుకున్నాను. నాన్న నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు కొట్టిన దెబ్బకన్నా నయమేమీ కాదు.

కుండలు తిప్పే చక్రం, సారె మీద ఆడపిల్లలు చేయి వేయకూడదు. అది మా కట్టుబాటు. ఎవరూ ఎందుకని అడిగేవాళ్లు కాదు. కానీ సారె మీద కుండ సగమే తయారవుతుంది. మూతి, మెడ, చుట్టూ మందంగా గోడ. అడుగు ఉండదు. కొంచెం ఆరాక లోపల గుండ్రటి రాయి పట్టుకుని, బయట నుంచి సలప అనే కొయ్యతో మెల్లగా కొట్టుకుంటూ పోతే పొట్ట సాగుతుంది, అడుగు మూసుకుంటుంది. ఆ పని మా అమ్మది, తర్వాత నాది. లోపలి చేయీ బయటి చేయీ ఒకదానికొకటి కనిపించవు. అయినా ఒకే చోట కలవాలి. నాకు తొమ్మిదేళ్లు నిండేసరికి చేతులు కలవడం మొదలుపెట్టాయి. పదకొండేళ్లకు నేను కొట్టిన కడవను అమ్మ కొట్టినదాని పక్కన పెడితే నాన్నే తికమకపడ్డాడు.

ఇంక ఆము సంగతి. పిడకలు పరిచి, కుండలు బోర్లించి పేర్చి, మళ్లీ పిడకలు, పైన చొప్ప, దానిపైన మట్టి పూత. ముట్టించాక సందుల్లోంచి చూస్తూ ఉండాలి. లోపల ఎర్రగా కనబడగానే నాన్న, “ఇగ చాలు” అని సందులన్నీ మూసేసేవాడు. పిడక నిప్పు కునికిపాట్లు పడే ముసలమ్మలాంటిది, చల్లారిందనుకుంటాం గానీ తెల్లారిందాకా లోపల మేలుకునే ఉంటుంది. మిగతా కాల్పు దానంతట అదే అయిపోతుంది. ఎర్ర కనబడితే చాలు. ఈ ఒక్క మాట నేను పుట్టింటి నుంచి మూట కట్టుకుని తెచ్చుకున్నాను. అదే నా కొంప ముంచబోయింది.

నన్ను ఇచ్చింది బల్మూరు పక్క ఊరికి. పద్నాలుగో ఏట కాపురానికి పంపారు. నైజాం రాజ్యం, మోటార్లు మాలాంటివాళ్లకు కాదు. కృష్ణను పుట్టిలో దాటాం. గంపలాంటి ఆ పుట్టి నీళ్లలో గిర్రున తిరుగుతుంటే నాకు సారె గుర్తొచ్చి నవ్వాగలేదు. కొత్త పెళ్లికూతురు గట్టిగా నవ్విందని ఎదురుగా కూర్చున్నవాళ్లు మొహాలు చూసుకున్నారు. అక్కడి నుంచి ఎద్దుల బండి. పెబ్బేరు, వనపర్తి, నాగర్‌కర్నూలు దాటుకుంటూ మూడో రోజు మధ్యాహ్నం ఊరు చేరాం. దూరంగా నల్లగా, మబ్బులాగా ఒక గీత కనిపించింది. వాన వస్తుందేమో అన్నాను. “వాన గాదు, అడివి” అన్నాడు మా ఇంటాయన. పెళ్లయ్యాక ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట అది.

బండి దిగగానే వాకిట్లో కట్టెల కుప్ప చూశాను. ఇల్లంత ఎత్తు. తునికి, మద్ది, చండ్ర, వంకర్లు పోయినవీ తిన్ననివీ. మా అమ్మ చూసి ఉంటే దానికి దండం పెట్టేది.

“గిదంత ఎన్నేండ్లకు?” అని అడిగాను.

మా అత్త అదోలా చూసింది. “ఎన్నేండ్లకేందే? రెండు ఆములకు.”

ఆ రోజు నాకు అన్నం సయించలేదు. రెండు ఆములకు! మా ఊరు ఊరంతా ఒక ఏడు వండుకోవచ్చు. ఆ కట్టె ఊరికే వచ్చింది కూడా కాదు. మామ, మా ఆయన అడవి అంచుదాకా పోయి, అడవిని కాసే జంగ్లాత్ జవాను కంటపడకుండా ఎండిన మొద్దులే ఏరుకుని, మోపులు నెత్తిన పెట్టుకుని వచ్చేవాళ్లు. వాళ్ల మెడల మీద కాయలు కాసి ఉండేవి. అంత కష్టాన్ని ఒక్కరోజులో మంటపెడతారా అనుకున్నాను.

మా అత్త సన్నటి మనిషి, గొంతు మాత్రం ఊరి చివరిదాకా వినిపించేది. ఆ ఇంట్లో సారె మామది, ఆము అత్తది. ఆము విషయంలో మామ కూడా ఆమె మాటకు ఎదురు చెప్పేవాడు కాదు. నా సలప పని చూసి, “చెయ్యి మంచిదే” అని ఒక్క ముక్క అంది. ఇంకో మంచిమాట వినడానికి నేను నాలుగు నెలలు ఎదురుచూశాను. రాలేదు. “ఉప్పెక్కువైంది”, “గిన్నె గట్ల గాదు, గిట్ల”, “మీ గద్వాలల గిట్లనే ఊడుస్తరా?” ఇవే. ఆమెకు నేనొక మంచిపని చేసి చూపించాలి. అది నా మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఆ వేసవిలో ఊరి పటేల్ పెద్దకూతురి పెళ్లి కుదిరింది. మా దిక్కు పెళ్లి అంటే ఐరేని కుండలు ఉండాలి. పందిట్లో ఒకదాని మీద ఒకటి పేర్చి పూజ చేసే కుండలు అవి. పెళ్లివారు డప్పులు పెట్టుకుని కుమ్మరి ఇంటికి వస్తారు. కుండలకు బొట్లు పెట్టి, పసుపు దారాలు కట్టి, నెత్తిన పెట్టుకుని తీసుకుపోతారు. ఊళ్లో ఎంతటివాళ్లయినా ఆ ఒక్కపూట మా గడపకు రావాల్సిందే.

పటేల్ ఇంట్లో ఆ కుండలు ఇచ్చే హక్కు మా వాళ్లది. కానీ కిందటేటి నుంచి పొరుగూరి కుమ్మరులు పటేల్ ఇంటి చుట్టూ తిరుగుతున్నారు. మావి నున్నగుంటాయి, ఒకసారి చూడండి అని. ఈ పెళ్లికి గనక మా కుండలు అందకపోతే వాళ్లవి వస్తాయి. ఒకసారి పటేల్ ఇంటికి వస్తే ఊళ్లో ప్రతి పెళ్లికీ వాళ్లవే. పంట కళ్లాల్లో మాకు వచ్చే గింజలు కూడా వాళ్లకే. అత్త ఆ మాటను దాచిపెట్టలేదు. “వాళ్లు ఒక్కపారి గడప దొక్కిన్రంటే ఇగ పోరు. గా తర్వాత మనం అడివిల కట్టెలే కొట్టుకోవాలె” అంది అందరి ముందూ.

మామ సారె తిప్పాడు, నేనూ అత్తా సలపలతో కొట్టాం. కావలసినవి పన్నెండు, ఇంకో రెండు ఎక్కువే చేశాం. మట్టి మాత్రం ఈసారి కొత్తది. పాత గుంతలో నీరు నిలిచిందని మా ఆయన చెరువు ఇంకో పక్క తవ్వి తెచ్చాడు. జిగటగా, మంచి మట్టి. ఆయన దాన్ని వేళ్ల మధ్య నలిపి అందరికీ చూపించుకున్నాడు కూడా. మామ మాత్రం, “సూద్దాం, ఆము చెప్తది” అన్నాడు.

ఆ ఇంటి ఆముకు మూడు వైపులా గోడ, రెండు పొయ్యిలు. ముందు ఒకటి, వెనక ఒకటి. పెళ్లి కుండలను గాలి తగలకుండా వెనకవైపు పేర్చారు. సాయంత్రం అడవి గాలి లేస్తుందని పొద్దున్నే ముట్టించేవాళ్లు. అత్త ముందు కూర్చుంది. నన్ను వెనక పొయ్యి దగ్గర కూర్చోబెట్టి ఆరు మోపుల కట్టె నా పక్కన పడేసింది.

“జర జర పెట్టుకుంట పో. మొదాలు పుల్లలు, పొగ రావాలె, కుండలల్ల చెమట పోవాలె. పొద్దు నెత్తిమీదికొచ్చినంక పెద్ద కట్టె. ఆరు మోపులు. ఆరు గూడ వొడ్వాలె. సమజైందా?”

“అయింది” అన్నాను. ఆరు మోపులనూ మళ్లీ ఒకసారి లెక్కపెట్టుకున్నాను.

మూడు మోపులు చెప్పినట్టే కాల్చాను. నాలుగోది సగానికి వచ్చేసరికి వంగి లోపలికి చూస్తే కుండలు ఎర్రగా ఉన్నాయి. నాన్న గొంతు చెవిలో వినిపించింది. ఎర్ర కనబడితే చాలు. నాలుగోది పూర్తిచేసి ఆపేశాను. ఇంకా రెండు మోపులు, ముట్టుకోనివి! అత్తకు నేను చేయబోయే మంచిపని ఇదేనని మెరుపులాగా తోచింది. ఇప్పుడే చెబితే మళ్లీ పొయ్యిలో పెట్టమంటుంది. కుండలు తీశాక చూపిస్తే, ఇంత పొదుపైన కోడలా అని నోరు తెరుస్తుంది. రెండు మోపులనూ ఈడ్చుకుపోయి పెరట్లో గడ్డివాము కింద దూర్చి, పైన గడ్డి కప్పాను. వచ్చి చల్లగా కూర్చున్నాను. సాయంత్రం అత్త వచ్చి ఖాళీ నేలను చూసి, “వొడిసినయా?” అంది. తల ఊపాను. ఆమె నా మొహంలోకి చూసి, “కనుబొమ్మలు అట్లనే ఉన్నయేందే నీయి?” అంది గానీ, ఆ అడగడంలో ఏముందో నాకు అప్పుడు తెలియదు.

ఒక పగలంతా ఆగి, మర్నాడు పొద్దున ఆము విప్పారు. ముందువైపు కుండలను అత్త వేలి కణుపుతో తడుతూ తీస్తోంది. గణ్ మని మోగుతున్నాయి. వెనకవైపుకు వచ్చింది. తట్టింది. బొద్ అంది. ఇంకోటి. బొద్. పండిన గుమ్మడికాయను తట్టినట్టు. పద్నాలుగు కుండల్లో ఒక్కటీ మోగలేదు. అత్త ఒకదాన్ని తీసి దానిలో నీళ్లు పోసింది. అందరం చుట్టూ నిలబడ్డాం. కాసేపటికి కుండ అడుగు మెత్తబడి, నీళ్లు చెమటలా బయటికి కారి, ఒక పెచ్చు ఊడి అత్త కాళ్ల దగ్గర పడింది.

మామ మా ఆయనవైపు తిరిగాడు. “నేను చెప్పలే? కొత్త గుంత మట్టి. నిప్పుకు ఆగదు గది. దొరికింది గదాని తెచ్చి పోసినవ్.”

“మట్టి మంచిదే నాయ్నా.”

“మంచిదైతే గిట్లెందుకైతది? ఆరు మోపులు గాలినయి. కట్టె తప్పు లేదు, చెయ్యి తప్పు లేదు. ఇగ మట్టి గాకుంటె ఏంది?”

మట్టి ముద్దను పట్టుకుని చూపించుకున్న మనిషి చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. పెళ్లి ఇంకా నాలుగు రోజులే. మళ్లీ మట్టి తెచ్చి, నానబెట్టి, చేసి, ఆరబెట్టి, కాల్చడానికి పది రోజులైనా చాలవు. అత్త నుదుటి మీద చేయి పెట్టుకుని అరుగు మీద కూలబడింది. “పటేలమ్మకు పోయి చెప్పాలె. వాళ్లనే పిలుసుకోమని చెప్పాలె” అంది. ఆ గొంతు ఊరి చివరిదాకా కాదు, గోడదాకా కూడా వినిపించలేదు. మామ కుండలను పొడి చేసి పాత పెంకుల్లో కలుపుదామని రోకలి అందుకున్నాడు.

చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. పుట్టింటికి పంపేస్తారు. చెప్పకపోతే కూడా తెలుసు. మట్టి చెడ్డదవుతుంది, ఆయన చేతకానివాడవుతాడు, పొరుగూరివాళ్లు గడప తొక్కుతారు. రోకలి లేవడం చూసి నాకు తెలియకుండానే అరిచాను.

“కొట్టొద్దు! కట్టె దాసిపెట్టిన!”

రోకలి గాల్లోనే ఆగింది.

“ఏం దాసినవ్?” అంది అత్త.

“రెండు మోపులు. గడ్డివాము కింద. కుండలు ఎర్రగైనయి, సాలనుకున్న. మా నాయిన గంతనే కాలుస్తడు.”

“ఎందుకు దాసినవే?”

“మిగిల్చిన అని సూపెడ్దాం అనుకున్న. నీకే.”

మా ఆయన నావైపు చూశాడు, కోపం కాదు, ఊపిరి వచ్చినవాడిలా. మొదట మామ నవ్వాడు. రోకలి పక్కన పెట్టి, దానిమీదే వాలి మరీ నవ్వాడు. అత్త నవ్వలేదు. లేచి నా దగ్గరికి వచ్చింది. నేను కళ్లు మూసుకున్నాను. ఆమె చేయి ఎత్తి, కుండను తట్టినట్టే వేలి కణుపుతో నా నెత్తి మీద గట్టిగా తట్టింది.

“ఇది గూడ పచ్చిగనే ఉన్నది” అంది. “దీన్ని గూడ జర కాల్చాలె.”

ఇంక ఆమె గొంతు మామూలైపోయింది. మామను, మా ఆయనను చెరో పక్కకు తరిమింది. మట్టి తప్పు కాదు, కాల్పు తక్కువ. నీళ్లు తగలని కుండను మళ్లీ కాల్చవచ్చు, మెల్లగా వేడి చేస్తే పగలదు. నీళ్లు పోసినది ఒక్కటే పోయింది. ఇంకా పదమూడు ఉన్నాయి, కావలసినవి పన్నెండు. ఇదంతా ఆమె చీర కొంగు నడుముకు చుట్టుకుంటూ ఒక్క గుక్కలో చెప్పేసింది. మధ్యాహ్నానికల్లా వెనక పొయ్యి మీద చిన్న ఆము పేర్చాం. మర్నాడు సూర్యోదయానికి ముట్టించాం.

“నేను కాలుస్త లే అత్తా, నువ్వు కూసో” అన్నాను భయంభయంగా.

“నువ్వే కాల్చాలె. నేనెందుకు కూసుంట, నీ పక్కనే నిలవడ్త.”

ఆ రోజు నేను కట్టెతో కాల్చడం నేర్చుకున్నాను. నాన్న చెప్పింది అబద్ధం కాదు, అది పిడకల ఆముకు. కట్టె మంట వేరు. పైకి లేస్తుంది, ఆడుతుంది, ఆపగానే దిగిపోతుంది. ఎర్ర కనబడితే కాల్పు అయిపోయినట్టు కాదు, అప్పుడు మొదలైనట్టు. ఎర్ర మీద ఎర్ర ఎక్కి, కుండలూ నిప్పూ వేరువేరుగా కనబడకుండా పోవాలి. నల్లపొగ పోయి తెల్లపొగ రావాలి, తెల్లపొగ కూడా పోవాలి. ఆము పైన గాలి నీళ్లలా వణుకుతూ కనబడితే అప్పుడు ఆపాలి. అత్త పొయ్యి మూతి దగ్గర ఒక చిన్న ప్రమిద పెట్టించింది. ఇనుప చువ్వతో దాన్ని బయటికి లాగి చల్లార్చి తట్టి చూడాలి. మూడుసార్లు లాగాను. మూడోసారి ప్రమిద గణ్ మంది.

మా ఆయన కట్టె అందిస్తూ ఉన్నాడు. దాచిపెట్టిన రెండు మోపులూ అయిపోయాయి. మంట మళ్లీ మొదటి నుంచి లేపాలి కదా, కుప్పలోంచి ఇంకో మూడు తెచ్చాడు. “పక్కింటోళ్ల గడ్డివాము కింద గూడ ఏమన్న పెట్టినవా? చెప్పు, తెస్త” అన్నాడు. అత్త వినబడనట్టు మొహం అటు తిప్పుకుంది గానీ భుజాలు కదిలాయి.

నేను ఆదా చేసింది రెండు మోపులు, దానికి పోయింది ఐదు. ఆ లెక్క నాకు ఇప్పటికీ గొంతు దిగదు. సాయంత్రం మొహం కడుక్కుంటుంటే చేతికి గరగరా ఏదో తగిలింది. నా కనుబొమ్మలు. సగం రాలి అరచేతిలోకి వచ్చాయి.

ఆము విప్పినప్పుడు అత్త తట్టలేదు. “తట్టు” అంది నాతో. తట్టాను. మోగింది. ఇంకోటి. మోగింది. పదమూడింట్లో ఒకటి మాత్రం పగిలింది. సరిగ్గా పన్నెండు మిగిలాయి. మా ఆయన ప్రతి కుండనూ మళ్లీ తనే తట్టి చూసుకున్నాడు, మట్టి మంచిదని తనకు తాను చెప్పుకుంటున్నట్టు. సున్నం, ఎర్రటి జాజు మట్టి కలిపి కుండలకు పూతలు పెట్టాం. పదకొండింటి మీద అత్త గీతలు. పన్నెండోది నా ముందుకు తోసి, “మీ దిక్కు ఎట్లేస్తరో ఎయ్యి” అంది. మా అమ్మ వేసే చేపల వరస వేశాను.

పెళ్లిరోజు పొద్దెక్కుతుండగా డప్పులు వినిపించాయి. అవి మా వీధి మలుపు తిరిగేసరికి నేను కుండల పక్కకు వెళ్లి నిలబడ్డాను. పటేల్ భార్య ముందు నడుస్తోంది, వెనక ఇరవై మంది ఆడవాళ్లు పట్టుచీరల్లో. పిల్లలు డప్పుల ముందు దుమ్ము రేపుతూ ఎగురుతున్నారు. అత్త వాళ్లకు బొట్లు పెట్టింది, బెల్లం ఇచ్చింది. పటేలమ్మ కుండల చుట్టూ తిరిగింది. పొరుగూరివాళ్ల మాటలు ఆమె చెవిలో ఉన్నాయని అందరికీ తెలుసు. వంగి ఒక కుండను వేలితో తట్టింది.

గణ్ మంది. డప్పుల్లో కూడా వినబడింది.

ఇంకోటి తట్టింది. నా చేపల కుండ. అదీ మోగింది.

“ఏందే గిది, కంచు గిన్నె లెక్క మోగుతున్నది? పోయినేడు గిట్ల లేకుండె.”

నేను అత్తవైపు చూశాను. ఇప్పుడు చెబుతుంది, కోడలి తెలివి సంగతి, ఇరవై మంది ముందు. అత్త ఏమాత్రం తడబడలేదు.

“మా కోడలు గద్వాల పిల్ల గదమ్మా. ఐరేని కుండలు రెండు పార్లు కాలుస్తది. గట్టిగుండాలె గద, పిల్ల కాపురం.”

“రెండు పార్లా!” అంది పటేలమ్మ. వెనకున్న ఆడవాళ్లందరూ, “రెండు పార్లంట” అని ఒకరికొకరు చెప్పుకున్నారు. మామకు దగ్గు వచ్చింది, దొడ్లోకి వెళ్లిపోయాడు. పటేలమ్మ నా గడ్డం పట్టుకుని, సగం కాలిన నా కనుబొమ్మలు చూసి, “పాపం, ఎంత కష్టపడ్డవే బిడ్డా” అంది. కుండలు నెత్తిన పెట్టుకుని డప్పుల మధ్య వాళ్లు పోతుంటే నేనూ అత్తా గడపలో నిలబడ్డాం. పొరుగూరి కుమ్మరులు మా ఊరి గడప తొక్కలేదు.

అంతటితో అయిపోయిందనుకున్నాం. నెల తిరక్కుండానే ఇంకో ఇంటివాళ్లు వచ్చారు పెళ్లి కుండలు చెప్పడానికి. “పటేలోళ్లకిచ్చినట్లనే, రెండు పార్లు కాల్చినయి కావాలె” అన్నారు. వాళ్ల తర్వాత ఇంకొకరు. ఒకసారి కాల్చినవి ఇస్తామంటే ఎవరూ ఒప్పుకోవడం లేదు, మా బిడ్డ పెళ్లి తక్కువా అంటున్నారు. అత్త ఆడిన మాట అత్త మెడకే చుట్టుకుంది. ఒక్కో పెళ్లికి ఐదేసి మోపులు ఉత్తపుణ్యానికి! మా ఇద్దరికీ నిద్ర పట్టేది కాదు. “నీ నోరు వల్లనే” అని మామ అంటే, “దాని గడ్డివాము వల్ల” అని అత్త అనేది.

దారి నేనే కనిపెట్టాను. మొదటిసారి కాల్చిన పెళ్లి కుండలను విడిగా కాల్చకుండా, తర్వాతి మామూలు ఆములో కడవల మధ్య వెనకవైపు సందుల్లో పేర్చాను. కడవల కోసం ఎలాగూ కట్టె కాలుతుంది, అందులోనే ఇవీ రెండోసారి కాలిపోతాయి. ఒక్క పుల్ల ఎక్కువ పట్టలేదు. ఆము విప్పి అన్నీ మోగుతుంటే అత్త ప్రతిదాన్నీ మళ్లీ తట్టి చూసింది. తర్వాత ఇనుప చువ్వను నా చేతిలో పెట్టింది. “ఎనుక పొయ్యి ఇగ నీదే. నన్నడగకు” అంది. రెండేళ్లకు ముందు పొయ్యి కూడా నాదైంది.

తర్వాత యుద్ధం రోజుల్లో గ్యాస్‌నూనె, అదే కిరసనాయిలు, దొరక్క జనం మళ్లీ ఆముదం దీపాలు పెట్టుకుంటుంటే వేల ప్రమిదలు కాల్చాను. బండినిండా గడ్డి పరిచి నాగర్‌కర్నూలు దాకా కుండలు తీసుకుపోయాం. ఒకసారి ఎద్దుల కోసం పెబ్బేరు సంతకు పోతే అక్కడ నాన్న కలిశాడు. గడ్డివాము సంగతి ఆయనకు చెప్పాను. పశువుల అరుపుల మధ్య చేతికర్ర పట్టుకుని నిలబడి చాలాసేపు నవ్వాడు. “బాటమీద రాళ్లు గలిపిన పిల్లవే గద” అన్నాడు. తర్వాత నా మొహంలోకి వంగి చూసి, “కనుబొమ్మలేవే?” అన్నాడు.

“ఆరు మోపులు కాలుస్తున్న నాయ్నా” అన్నాను.